చేపకూ ఒక చీకటి

చంద్రశేఖరపురం మెట్ట ఊరు. భైరవకోన కొండల కింద వాన చినుకు కోసం ఎదురుచూసే పల్లెలు మావి. మాకు సముద్రం పరిచయమయ్యేది సంతలో. ఎండు నెత్తళ్ళు, ఎండు సావిడాయిల గోనెసంచి మూతి విప్పగానే ఉప్పు వాసన గుప్పుమంటుంది. ఆ చేప ఏ రాత్రి ఎవరి చేతికి చిక్కిందో బేరమాడేటప్పుడు మనకు తోచదు. తోచాలని నాకనిపిస్తుంది. తినేవాడికి ఆ పాటి రుణం ఉంటుంది గదా.

ఆ చేప వచ్చే బంగాళాఖాతాన్ని కార్తీక మార్గశిరాల్లో నమ్మలేం. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. పుష్యం వచ్చేసరికి నీళ్ళు కుదుటపడతాయి. కొత్తపట్నం, పాకల వంటి రేవుల నుంచి చిన్న ఫైబర్ బోట్లు పొద్దుగూకే వేళ బయలుదేరతాయి. తీరానికి మరీ దూరం పోకుండానే వల దించుతారు. వల చివర ఒక చిన్న దీపం కట్టి, బోటును వలతో పాటే వాలుకు వదిలేస్తారు. ఒకరు మేలుకుంటే ఒకరు కునుకు తీస్తారు. నేల మీది నుంచి వీచే గాలికి తడిబట్ట ఒంటికి అతుక్కుని వణికిస్తుంది.

ఇలాంటి వేటకు వెన్నెల కన్నా అమావాస్య మేలు. వెలుగులో చేప వలను పసిగట్టి తప్పుకుంటుంది. పగలు లోతున దాగే కంటికానని జీవాలు రాత్రి పైకి తేలతాయి, వాటి వెంట చిన్న చేపలు, చిన్నవాటి వెంట పెద్దవి. కొన్ని రాత్రులు నీళ్ళే మెరుస్తాయి. చెయ్యి ముంచి తీస్తే వేళ్ళ సందుల్లోంచి నీలి మిణుకులు జారతాయి. వల తాడు కూడా అలాగే వెలిగిపోతుంది, చేప దూరం నుంచే చూసి మళ్ళుతుంది. తెల్లవారుజామున వల లాగేటప్పుడు, మొప్పల దగ్గర ఇరుక్కున్న కానాగంత చేపను వేళ్ళతో ఒడుపుగా విడిపించాలి. తొందరపడితే వల తెగుతుంది, లేదా చేప నలుగుతుంది.

ఈ వేటలో నన్ను ఆలోచింపజేసేది ఒకటుంది. వేటగాడికీ చేప కనబడదు, చేపకూ వల కనబడదు. ఇద్దరూ ఒకే చీకట్లో ఉన్నారు. ప్రాణం తీసే పనిలో న్యాయం ఎక్కడిదని ఎవరైనా అడగొచ్చు. అడగవలసిందే. ఆకలి వల్ల చంపడం తప్పు కాకపోవచ్చు, కానీ తప్పించుకునే దారి ఒక్కటి కూడా మిగల్చకుండా చంపడం ఆకలి వల్లేనా? వల కన్ను పెద్దదైతే పిల్ల చేప దాటిపోతుంది. చీకటి ఉంటే వేటగాడి కంట పడక కొన్ని గుంపులు తప్పుకుపోతాయి. రేపటి చేప పుట్టేది అలా పోయిన వాటి వల్లే.

ఇప్పుడు జనరేటరు పెట్టి, ఎల్‌ఈడీ దీపాలు నీళ్ళలోకి గుప్పించే వేట వచ్చింది. వెలుగు చూసి చేపలు మూగుతాయి, పిల్లా పెద్దా తేడా లేకుండా. చుట్టూ వల బిగిస్తే చాలు. చీకటి నుంచి వెలుగులోకి నడిపించమని తరతరాలుగా వేడుకుంటున్న వాళ్ళం మనం. అదే వెలుగు ఇంకో ప్రాణికి ఉరి కావచ్చునని మన ప్రార్థనలో ఎప్పుడైనా తలచామా? వెలుగు మంచిదా చెడ్డదా అన్నది దీపంతో తేలదు, దాన్ని పట్టుకున్నవాడి మనసుతో తేలుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2017 నవంబరులో తీరానికి 12 నాటికల్ మైళ్ళ అవతల ఉన్న మన ప్రత్యేక ఆర్థిక మండలి జలాల్లో ఎల్‌ఈడీ వేటను నిషేధించింది. ఆ 12 మైళ్ళ లోపల వేట మీద పెత్తనం రాష్ట్రాలది. ఆంధ్రప్రదేశ్ 1994 చట్టం ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ వేటకు వదలాలి, పెద్ద మరబోట్లు అక్కడ వేటాడకూడదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. కాగితం మీద ఇవన్నీ బాగున్నాయి. కానీ పెద్ద బోట్లు గీత దాటి లోపలికి వస్తున్నాయని చిన్న బోట్లవాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు.

ఒడ్డున కూర్చుని నిగ్రహం గురించి మాట్లాడటం నాకు సులువే. డీజిలుకు అప్పు చేసి, చేప అంతా ఆ అప్పిచ్చిన వ్యాపారికే తూయాల్సిన మనిషికి ‘ఈ రాత్రి తక్కువ పట్టుకో’ అని చెప్పే హక్కు నాకుందా? పక్కవాడు దీపాలు వేసి ఊడ్చుకుపోతుంటే వీడొక్కడే చీకట్లో ఎందుకు కూర్చోవాలి? నిగ్రహం లేమి నుంచి పుడితే దాన్ని ధర్మమనలేం. కలిగినవాడు పాటించినప్పుడే దానికి ఆ పేరు తగుతుంది. సముద్రాన్ని కాపాడే భారమంతా చిన్న బోటులో చలికి వణికే ఆ ఇద్దరు ముగ్గురి మీద మోపి, మిగతా మనం చవగ్గా తిని ఊరుకోవడం అన్యాయం.

హద్దులు కావాల్సిందే, కానీ అవి పెద్ద బోట్ల దగ్గర మొదలవ్వాలి. 8 కిలోమీటర్ల గీతకు రాత్రిపూట కాపలా ఉండాలి. దీపాల వేటకు కాగితం మీది నిషేధం చాలదు, పట్టుకుంటే బోటు కదలకూడదు. ఈ మాట తీరప్రాంతంవాళ్ళే కాదు, ఎండు చేప తినే మా మెట్టవాళ్ళం కూడా గట్టిగా అడగాలి.