అంగడి లెక్క, బడి లెక్క

“ఈ పిల్లవానికి లెక్కలు రావు” అని ఉపాధ్యాయుడు పలుకునప్పుడు ఆయన ఒక సమాచారమును తెలుపుటయే గాక ఒక తీర్పును కూడ చెప్పుచున్నాడు. ఆ తీర్పు ప్రగతి పత్రములో వ్రాయబడును. తల్లిదండ్రుల చెవిని పడును. అన్నిటికంటె ముఖ్యముగా పిల్లవాని మనస్సులో నాటుకొనును. కొన్ని యేండ్లు గడచిన పిమ్మట ఆ మాట చెప్పుటకు ఉపాధ్యాయుడు అక్కరలేదు. పిల్లవాడే తన్ను గూర్చి చెప్పుకొనును. కావున ఆ తీర్పు సత్యమా కాదా యను ప్రశ్న విద్యాశాస్త్రమునకు మాత్రమే చెందినది కాదు. అది నీతికి చెందిన ప్రశ్న. తెలియని దానిని తెలియదనుట సత్యము. తెలిసిన దానిని తెలియదనుట, అది ఎరుగక జరిగినను, ఒకని సొత్తును వానికి లేదనుటతో సమానము.

ఈ ప్రశ్నకు కోల్‌కతా నగరపు అంగళ్లలో జరిగిన ఒక పరిశోధన స్పష్టమైన రూపమిచ్చినది. 2019లో అర్థశాస్త్రమునందు నోబెల్ బహుమానము పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో, హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఎలిజబెత్ స్పెల్కీ, మరికొందరు విద్వాంసులు కలిసి చేసిన ఆ కృషి 2025 ఫిబ్రవరిలో ‘నేచర్’ అను శాస్త్ర పత్రికలో వెలువడినది. బెనర్జీ పాఠశాలలోను, తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివినది కోల్‌కతాలోనే. కోల్‌కతా, ఢిల్లీ నగరముల అంగళ్లలో పనిచేయు పిల్లలు 1,436 మందిని, బడిపిల్లలు 471 మందిని ఈ విద్వాంసులు పరీక్షించిరి.

కోల్‌కతాలో పరిశోధకులు మొదట సామాన్యమైన కొనుగోలుదారులవలె అంగడికి పోయిరి. కిలో 20 రూపాయల చొప్పున 800 గ్రాముల బంగాళాదుంపలు, కిలో 15 రూపాయల చొప్పున కిలో 400 గ్రాముల ఉల్లిపాయలు అడిగి, మొత్తము ఎంతయని ప్రశ్నించి, 200 రూపాయల నోటు ఇచ్చిరి. పిల్లవాడు 37 రూపాయలని చెప్పి 163 రూపాయలు తిరిగి యియ్యవలెను. కాగితము లేదు, కలము లేదు. ఇట్టి లెక్కలను, తప్పినచో రెండవసారి ప్రయత్నించుటకు అవకాశముండగా, నూటికి 95 మొదలు 98 మంది వరకు సరిగా చేసిరి. తరువాత ఆ పిల్లలకే, తల్లిదండ్రుల అనుమతితో, బడిలో ఇచ్చు రీతిగా లెక్కలు వ్రాసి యిచ్చిరి. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగింపగలిగినవారు నూటికి 32 మంది మాత్రమే. రెండంకెల తీసివేతలు రెండింటిని సరిగా చేసినవారు 54 మంది.

అంగడి పిల్లలు ధరల పట్టికను కంఠస్థము చేసియుందురు గాని లెక్క తెలిసినవారు కారని ఎవరైనను ఆక్షేపింపవచ్చును. పరిశోధకులు ఆ ఆక్షేపణను కూడ పరిశీలించిరి. అలవాటు లేని తూకములను అడిగినను వారు సరిగానే చెప్పిరి. కంఠస్థము గాని, ఇతరుల సహాయము గాని, లాభాపేక్ష గాని వారి నేర్పునకు చాలిన కారణములని తేలలేదు. వారు నిజముగా ఆలోచించుచున్నారు. 43ను 11తో హెచ్చింపవలసి వచ్చినప్పుడు పదింతలు 430 చేసి, దానికి 43 చేర్చి, 473 అని చెప్పు పిల్లవాడు దశాంశ పద్ధతి యొక్క మర్మమును ఎరిగినవాడే. దానికి పాఠ్యపుస్తకములో ఉన్న పేరును మాత్రము ఎరుగడు.

ఇంతటితో ఆగినయెడల చదువరి బడిని నిందించి అంగడిని పొగడుటకు సిద్ధపడును. కాని పరిశోధన అంతటితో ఆగలేదు. ఢిల్లీలో 17 పాఠశాలలనుండి అంగడి పని యెరుగని విద్యార్థులను తీసికొని వారికి సాధారణమైన లెక్కలిచ్చిరి. పెన్సిలు, కాగితము, కావలసినంత సమయము, ఒకసారి దిద్దుకొను అవకాశము ఉన్నప్పుడు నూటికి 96 మంది సరిగా చేసిరి. అట్టి లెక్కలనే అంగడి రీతిగా ఏర్పరచిన చోట అడిగినప్పుడు 60 మందియే చేయగలిగిరి. మరింత చిక్కైన బేరపు లెక్కలను తగిన వ్యవధిలో ఒకరి సాయము లేక చేసినవారు అంగడి పిల్లలలో మూడవ వంతుకు మించియుండగా, బడిపిల్లలలో నూటికి ఒక్కరే.

కాబట్టి ఇక్కడ తెలివిగలవారు ఒక ప్రక్కను, తెలివిలేనివారు ఒక ప్రక్కను లేరు. రెండు ప్రక్కలను జ్ఞానమున్నది. రెండు ప్రక్కలను కొరత యున్నది. నడుమ వంతెన లేదు. అయినప్పటికిని ఆ కొరతకు చెల్లింపవలసిన వెల ఇరువురికిని సమానము కాదు. అంగడి లెక్క రాని బడిపిల్లవానిని ఎవరును తప్పించరు; అతడు పై తరగతికి పోవును. బడి లెక్క రాని అంగడి పిల్లవాడు వెనుకబడి, విసిగి, తుదకు బడి మానును. ఇద్దరికిని ఒకే ప్రశ్నపత్రము ఇచ్చితిమి గనుక న్యాయము జరిగినదని బడి తృప్తి చెందును.

ఆ తృప్తి సరియైనదేనా? కొనుటకొక తూకపు రాయి, అమ్ముటకొక తూకపు రాయి ఉంచుకొను వర్తకుని మోషే ధర్మశాస్త్రము గద్దించినది. బడి అట్టి మోసము చేయుటలేదు. దానికున్నది ఒకే రాయి. అయితే తప్పు మరియొక విధముగా కూడ జరుగవచ్చును. బియ్యము తూచు త్రాసులో గుడ్డను వేసి, ఇందులో గింజ లేదు గనుక ఇతని సంచిలో సరుకే లేదని పలుకు వర్తకుని త్రాసునందు దోషము లేదు. అతని మాటయందు దోషమున్నది. వ్రాత పరీక్ష వ్రాతలో చేయు లెక్కను తూచును. దాని ఫలితమును పిల్లవాని బుద్ధికంతటికిని కొలతగా ప్రకటించినప్పుడే అది అబద్ధ సాక్ష్యమగును.

ఈ వివాదము ఆ నగరమునకు క్రొత్తది కాదు. 1835వ సంవత్సరమున కలకత్తాలో విద్యను గూర్చి రెండు ఆలోచనలు ఎదురెదురుగా నిలిచినవి. ఫిబ్రవరి 2వ తేదీన థామస్ బాబింగ్టన్ మెకాలే తన ప్రసిద్ధమైన అభిప్రాయ పత్రమును సమర్పించెను. సంస్కృతముగాని అరబ్బీగాని తనకు రాదని ఒప్పుకొనుచునే, వాటిలోనున్న విద్యకు విలువ లేదని ఆయన తీర్మానించెను. అదే సంవత్సరమున గవర్నరు జనరల్ విలియం బెంటింక్ నియమింపగా, విలియం ఆడమ్ అను స్కాట్లండు దేశస్థుడు బెంగాలులోని దేశీయ పాఠశాలలను పరిశీలింప మొదలిడెను. బాప్తిస్టు మిషనెరీగా వచ్చి, పిమ్మట ఆ మిషనును విడిచిన ఈయన 1835, 1836, 1838 సంవత్సరములలో మూడు నివేదికలు సమర్పించెను. ఒకరు వినకమునుపే తీర్పు చెప్పెను. మరియొకరు ఊరూరను అడిగి తెలిసికొనెను.

ఆడమ్ చూచిన పాఠశాలలలో పిల్లలు మొదట నేలమీదను, తరువాత తాటాకుమీదను, అటుపిమ్మట అరటాకుమీదను, తుదకు కాగితముమీదను వ్రాయుట నేర్చుకొనుచుండిరి. సేద్యపు లెక్కలు, వర్తకపు లెక్కలు వారికి ముఖ్యమైన పాఠములు. శుభంకరుని పేర ప్రచారములోనున్న పద్యరూపపు లెక్కల సూత్రములను వల్లించుచుండిరి. ఆ కాలమున అంగడి లెక్కకును బడి లెక్కకును నడుమ గోడ యింకను లేవలేదు. బర్దవాన్ జిల్లాలో మిక్కిలి తక్కువగా ఎంచబడిన కులముల పిల్లలు మిషనెరీ పాఠశాలలలో కంటె దేశీయ పాఠశాలలలోనే ఎక్కువమంది యున్నట్లు ఆడమ్ లెక్కించి వ్రాసెను. మిషనెరీ సేవను గౌరవించువారు ఈ సంగతిని కూడ గౌరవముతో చదువవలెను.

ఆడమ్ ఆ పాఠశాలలను మెచ్చుకొని ఊరకుండలేదు. ఉపాధ్యాయుల బీదతనమును, అచ్చు పుస్తకముల లేమిని, బోధనలోని లోపములను దాచక చెప్పెను. అయితే ఉన్నదానిని పడగొట్టక దానిమీదనే కట్టవలెనని ఆయన సలహా యిచ్చెను. ప్రభుత్వ విద్యాసంఘము ఆ సలహాను త్రోసివేసెను. పైతరగతులవారికి విద్య నేర్పినయెడల అది క్రిందివారికి తానే దిగునను నమ్మకము గెలిచెను.

తెలుగువారి పాత వీధిబడిని తలచుకొనునప్పుడు కూడ ఇట్టి సమదృష్టియే కావలెను. ఇసుకలో అక్షరములు దిద్దించి, ఎక్కములు వల్లింపజేసిన ఆ బడి అనేకులకు జీవనోపాధి కలిగించినది. అయినను, పిల్లలు తాము నిత్యము మాటలాడు భాషకు దూరమైన కావ్యభాషలోని పద్యములను అర్థమెరుగకయే కంఠస్థము చేయుచున్నారని బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823లోనే వ్రాసెను. పాతది గనుక మంచిదని గాని, క్రొత్తది గనుక మేలని గాని చెప్పుటకు వీలులేదు. పిల్లవాడు ఎరిగినదానికిని నేర్పబడుదానికిని సంబంధమున్నదా యనునదే పరీక్ష.

ఆ సంబంధమును కలుపు పని ఎవరిది? భాషాంతరీకరణము దీనికి మంచి ఉపమానము. కలకత్తాకు ఉత్తరముగా హుగ్లీ నది యొడ్డుననున్న శ్రీరాంపూరులో విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణమును ప్రచురించెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చటనే అచ్చుపడెను. ఆ పని పండితుల సహాయము లేనిదే సాగలేదు. బోధింప వచ్చినవాడు ముందుగా శిష్యుడై కూర్చుండవలసి వచ్చెను. ఆనాటి అనువాదములలో లోపములు లేకపోలేదు. అయితే అనువాదము సరిగా కుదరనప్పుడు ఏ అనువాదకుడును మూలభాషను మూగదనడు; లోపము తన సేతువులోనున్నదని యెరుగును. ఉపాధ్యాయుడును రెండు భాషల నడుమ నిలిచినవాడే. రెండు ఒడ్డులను చూడగలిగినది ఆయన గనుక వంతెన కట్టు బాధ్యతయు ఆయనదే. పదేండ్ల పిల్లవానిది కాదు.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ కలదు. బడి యుండుటయే అంగడికి అతీతమైన దానిని నేర్పుటకు గదా? బంగాళాదుంపలు, ఉల్లిపాయలు లేకుండ సంఖ్యను సంఖ్యగా చూచుట నేర్చినవాడే ఖగోళమును, యంత్రశాస్త్రమును అందుకొనగలడు. బీదవాని బిడ్డకు అంగడి లెక్కయే చాలునని చెప్పుట వానిని ఆ గంపయొద్దనే యుంచుట కాదా? ఈ ఆక్షేపణ నిజమైనది, దానిని తేలికగా తీసివేయరాదు. 2009లో చేయబడిన విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల ప్రతి బిడ్డకును ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ప్రకటించినది. అంగడి పిల్లల నేర్పును మెచ్చుకొనుట వారి శ్రమను మెచ్చుకొనుటగా మారకూడదు. ఆ నేర్పు వెనుక ఆటలులేని సాయంకాలములు ఎన్నియో గలవు.

అయితే ఈ ఆక్షేపణ వంతెనకు విరోధము కాదు. వంతెన కావలెననుటకు అదియే కారణము. పై మెట్టునకు ఎక్కవలసినవాడు తాను నిలిచియున్న మెట్టుమీదనుండియే కాలు ఎత్తవలెను. ఉపాధ్యాయుడు “తప్పు” అని గీత గీయుటకు ముందు “నీవు ఈ జవాబు ఎట్లు రాబట్టితివి?” అని అడిగినయెడల, 430కి 43 చేర్చిన పిల్లవాడు తన దారిని నోటితో చెప్పును. ఉపాధ్యాయుడు దానినే నల్లబల్లమీద వ్రాసి, ఇదియే గుణకారమని చూపును. అంగడి నుండి వచ్చినవానికి కాగితముమీది గుర్తులు పరాయివి కాకుండును. ప్రక్కన కూర్చున్న బడిపిల్లవానికి ఆ గుర్తుల వెనుకనున్న అర్థము మొదటిసారి తెలియును. ఒకనికి మేలుచేయు బోధ రెండవవానికి నష్టము చేయదు. విభిన్నమైన విద్యార్థులు ఒకే గదిలో నుండుట ఉపాధ్యాయునికి భారమని తరచుగా తలంచుదురు. ఎవనికి ఏమి తెలియునో అడుగు ఓపిక గలవానికి అది సాధనసంపత్తి.

ఈ సంగతి లెక్కలతో ముగియదు. తరగతిలో నేర్చినది వీధిలో పనిచేయకపోవుట నీతిబోధకు కూడ గల పాత జబ్బు. పొరుగువాని ప్రేమింపవలెనను పాఠమును తప్పులేకుండ అప్పజెప్పి, బయటకు వచ్చి, కూరగాయలమ్ము పిల్లవానితో రెండు రూపాయల కొరకు కఠినముగా బేరమాడు పెద్దలు లేకపోలేదు. కాగితముమీద 96 మార్కులు తెచ్చుకొని అంగడిలో 60కి పడిపోయిన విద్యార్థికిని వారికిని భేదము కొంచెమే. మరియొక ప్రక్క, ఏ వాక్యమును కంఠస్థము చేయని కూలివాడు తన అన్నములో సగము ఆకలిగొన్నవానికి పెట్టుచుండును. అతనికి ధర్మము తెలియదని చెప్పువారు ఏ త్రాసుతో తూచుచున్నారో విచారించుకొనవలెను. పాఠశాలలో చదువుకొనని వడ్రంగికి ఇంత పాండిత్యమెక్కడిదని యెరూషలేములో ఆశ్చర్యపడినవారు ఆయన బోధను వినుటకంటె ఆయన యోగ్యతాపత్రమును వెదకుటలోనే కాలము గడపిరి.

అందుచేత ఉపాధ్యాయుని చేతిలోనున్న ఎఱ్ఱ సిరా కలము చిన్నదైనను దాని అధికారము చిన్నది కాదు. దానితో సున్న చుట్టునప్పుడు ఆయన సాక్షిగాను న్యాయాధిపతిగాను ఒకేసారి వ్యవహరించుచున్నాడు. సాక్షి చూచినంత మట్టుకే చెప్పవలెను. న్యాయాధిపతి ఎదుటివాని మాట వినిన తరువాతనే తీర్పు తీర్చవలెను. “ఈ పిల్లవానికి లెక్కలు రావు” అని వ్రాయుటకు బదులు “ఈ పిల్లవానికి వ్రాతలో భాగహారము ఇంకను నేర్పబడలేదు” అని వ్రాయుట సాధ్యమే. రెండవ వాక్యము మొదటిదానికంటె ఎక్కువ సత్యము. అది పిల్లవానిని తోసివేయదు, ఉపాధ్యాయుని పనికి పిలుచును.