వాయిదా

"ఎముక కోయించుకుంటే కర్మ పోద్దంటే?" అని అడిగింది మా నాయనమ్మ. 2008 వేసవి. సారపాకలో మా ఇంటి అరుగు మీద కూర్చుని నా ఎక్స్‌రేను ఎండకు ఎత్తిపట్టి చూస్తోంది. తలకిందులుగా పట్టుకుందని నేను చెప్పలేదు.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్లు. ఎడమ తుంటిలో తొడ ఎముక గుండు కూర్చునే గిన్నె పుట్టుక నుంచీ లోతు చాలలేదు. చూరు చాలని ఇంటికి గోడ తడిసినట్టు, బరువంతా ఆ కురచ అంచు మీదే పడి లోపలి మృదులాస్థి అరుగుతోంది. హైదరాబాద్‌లో డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీశారు. కీలు మార్చరట. గిన్నె చుట్టూ కోసి, గుండును కప్పేలా దాన్ని తిప్పి, మరలు బిగిస్తారట. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రైన్‌హోల్డ్ గాంజ్ 1984లో మొదలుపెట్టిన పద్ధతి. ఎముకా నాదే, గిన్నే నాదే, వాలు ఒక్కటే మారుతుంది.

"ఎన్నాళ్లుంటుందండీ?" అన్నాను. బెర్న్‌లో మొదట చేసిన 75 తుంట్లలో ఇరవై ఏళ్లకు నూటికి అరవై దాకా నిలిచాయన్నారు. ఆ తుంట్లకే ముప్ఫై ఏళ్ల లెక్క 2017లో వచ్చింది. నిలిచినవి మూడింట ఒక వంతు. కీలు మార్పిడి దాకా వెళ్లినవే కాదు, నొప్పి ముదిరినవీ, ఎక్స్‌రేలో అరుగుదల పెరిగినవీ కూడా ఆ లెక్కలో పోయినవాటి కిందికే వస్తాయి.

ఆ రోజు ఇంటికొచ్చి డాక్టరు చెప్పింది చెబితే నాయనమ్మ, "మళ్లీ వచ్చేదానికి ఇంత కోత దేనికే?" అంది. డాక్టరూ ఆమే ఒకే మాట చెబుతున్నారని అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇద్దరి లెక్కలోనూ అది పోయేది కాదు, వాయిదా పడేది.

వేదాంతులు ప్రారబ్ధం గురించి చెప్పేదీ దాదాపు ఇదే. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో కుమ్మరి సారెను పోలిక తెచ్చారు. ఒకసారి తిరగడం మొదలుపెట్టాక వేగం తగ్గేదాకా తిరగాల్సిందే. జ్ఞానికైనా దేహం ఉన్నంతకాలం తప్పదు. నాకు ఆ పోలిక మీద గౌరవం ఉంది. కానీ సారె తిరుగుతుండగా కుమ్మరి చేతులు ముడుచుకుని కూర్చోడు కదా. కుండకు రూపం వచ్చేది అప్పుడే.

నాయనమ్మ అడిగింది నా గురించి కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మా మేనత్తదీ ఇదే నడక, ఇదే ఎడమ కాలు. ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది, ఆడపిల్లల్లో ఎక్కువ. అత్తయ్యది కర్మ అన్నారు, వచ్చిన సంబంధాలు తప్పిపోతే అదీ కర్మే అన్నారు. ఒక్క ఎక్స్‌రే తీయించినవాళ్లు లేరు. పసిగుడ్డుగా ఉన్నప్పుడే కనిపెడితే, కాళ్లు ఎడంగా ఉంచే పట్టీలతోనే చాలామందికి సరిపోతుంది. నా తుంటి కుదురుకుంటే అత్తయ్యది కర్మ కాకుండా పోతుంది. అది కర్మ కాకపోతే మరేమిటో ఒప్పుకోవాలి. ఎనభై ఏళ్ల మనిషిని అంత మాట అడగడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు ఆమె లేదు.

నిజం చెప్పాలంటే నాయనమ్మకు అంత అన్యాయం చేయకూడదు. అత్తయ్యకు ఇరవై ఏళ్లున్నప్పుడు గాంజ్ పద్ధతే లేదు. మందు లేనిదానికి మనుషులు ఏదో ఒక పేరు పెట్టుకుంటారు, లేకపోతే రాత్రి నిద్ర పట్టదు. మందు వచ్చాక కూడా ఆ పేరునే పట్టుకు వేలాడటం మీదే నా పేచీ.

వాయిదా అంటే మా వైపు చిన్నమాట కాదు. గోదావరి భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడోది పడితే బియ్యం అటక మీదికి ఎక్కిస్తాం. వరద మళ్లీ రాదని కాదు. 1986లో 75 అడుగులు దాటింది, 2022 జులైలో మళ్లీ 71 దాటింది, సారపాకకూ భద్రాచలానికీ మధ్య వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఆ రోజు మా అబ్బాయిని ఒక చంకన, బట్టల మూటను ఇంకో చేత్తో పట్టుకుని మేడ మెట్లు ఎక్కింది ఈ తుంటితోనే. బెర్న్ లెక్కలో ఆ మెట్లకు గడి లేదు.

కోత అయి పదిహేడేళ్లయింది. మొన్నటి ఎక్స్‌రేలో కీలు సందు కాస్త సన్నబడింది. వచ్చే ఏడు మళ్లీ రమ్మన్నారు. కిందటి శనివారం అత్తయ్యను తీసుకుని వంతెన దాటి రాముడి గుడికి వెళ్లాను. అక్కడి మూలవిరాట్టు ఎడమ తొడ మీద సీతమ్మ కూర్చుని ఉంటుంది. ఎప్పుడు వెళ్లినా నా చూపు ముందు ఆ తొడ మీదికే పోతుంది, అలవాటైపోయింది. గుడి మెట్లు దిగేటప్పుడు అత్తయ్య ఆగింది. "నీకూ మొదలైందా?" అంది.

"కొంచెం."

"నాకు పద్దెనిమిదో ఏటే మొదలైంది," అని పక్కనున్న కమ్మీ నాకు వదిలి, తను నా భుజం పట్టుకుంది.