కదలని ఊరు, కదిలే గీత

1910లో ఉత్తర రష్యాలోని ఫెరాపోంతోవో అనే పల్లెలో ఒక ఆడపిల్ల పుట్టిందనుకుందాం. అప్పుడు ఆమెది నోవ్‌గొరోద్ గుబెర్నియా, అంటే రాష్ట్రం లాంటిది. ఎనిమిదేళ్ల పిల్లగా ఉండగా, 1918లో, చెరెపోవెత్స్ గుబెర్నియాకు చెందింది. 1927లో ఆ నేలను లెనిన్‌గ్రాద్ ప్రాంతంలో కలిపారు. 1937లో అక్కణ్ణించి విడదీసి వొలోగ్దా ప్రాంతంలో చేర్చారు. ఇరవయ్యేడేళ్లు నిండేసరికి ఆమెకు నాలుగు చిరునామాలు. ఇంటి గడప ఒక్కటే. నీళ్లు తెచ్చుకున్నదీ అదే సరస్సు నుంచి.

ఇంతకీ ఆమె ఎక్కడి మనిషి? సమాధానం ఆమెను అడగాలా, పటాన్ని అడగాలా?

పటానికీ తన వాదన ఉంది. గీత లేకపోతే పన్ను ఎవరికి కట్టాలో, దారి ఎవరు వేయాలో, బడి ఎవరు నడపాలో తెలియదు. ప్రకృతి కూడా గీతలు గీస్తుందని అది గుర్తు చేస్తుంది. ఆ మాట నిజమే. ఫెరాపోంతోవో మఠం రెండు సరస్సుల నడుమ ఒక గుట్ట మీద ఉంది. వాటిలో పెద్దదైన బొరొదాయెవ్‌స్కొయె నీళ్లు షెక్స్నా నదిలో పడి, వోల్గాలో కలిసి, దక్షిణాన కాస్పియన్ దాకా పోతాయి. అక్కడికి దగ్గర్లోనే ఒక మిట్ట ఉంది. దానికి అవతల కురిసిన వాన ఉత్తరంగా శ్వేత సముద్రం దారి పడుతుంది. ఇది ఏ గుమాస్తా గీసిన గీతా కాదు. అయినా మనిషి దాన్ని ఒప్పుకున్నాడా? వెనకటి వర్తకులు పడవలను ఒడ్డుకు లాగి, ఆ మిట్ట మీదుగా ఈడ్చుకుపోయి, అవతలి నీళ్లలో దించేవారు. 1828 నాటికి అక్కడ కాలువే తవ్వేశారు. నీటి గీతనే దాటిన మనిషి, కాగితం గీత దగ్గర మాత్రం ఎందుకు ఆగిపోతాడు?

ఆ గీతల లోపలి నేలకు పెట్టిన పేర్లలో ఒక కథ దాగి ఉంది. నోవ్‌గొరోద్ పాత గ్రామసీమను ‘పొగొస్త్’లుగా లెక్కించేవారు. ఆ మాటకు మూలం ‘గొస్త్’, అంటే అతిథి. వర్తకులు వచ్చి దిగే చోటు మెల్లగా పన్ను వసూలు చేసే చోటైంది. తర్వాత అక్కడ చర్చి వెలిసింది, దాని పక్కన శ్మశానం వచ్చింది. నేటి రష్యన్‌కు పొగొస్త్ అంటే పల్లెటూరి శ్మశానమే. అతిథి దగ్గర మొదలైన మాట సమాధి దగ్గర ఆగింది. రైతులు బానిసత్వం నుంచి బయటపడిన 1861 తర్వాత పల్లె పాలనకు ఆధారమైనది ‘వోలొస్త్’. అధికారం అనే అర్థమున్న ‘వ్లాస్త్’తో దానికి నెత్తుటి చుట్టరికం. సోవియట్ కాలంలో ‘సెల్సొవియెత్’ వచ్చింది. సొవియెత్ అంటే సలహా, ఆలోచన చేసే సభ. ఆ తర్వాతది గ్రామీణ ‘పొసెలెనియె’, అంటే నివాసం. ఇప్పుడున్నది ‘ఒక్రుగ్’. మన మండలంలాగే దాని మూలార్థమూ వలయమే.

అతిథి, అధికారం, సలహా, నివాసం, వలయం. వీటిలో ఊరివాళ్లను అడిగి పెట్టిన పేరు ఒక్కటైనా ఉందా?

ఈ చివరి మార్పు దగ్గర కాస్త ఆగాలి. 2003 నాటి స్థానిక పాలన చట్టం ప్రకారం రష్యా పల్లెల్లో వేల సంఖ్యలో చిన్న పురపాలికల్లాంటివి ఏర్పడ్డాయి. ఫెరాపోంతోవో కూడా తన పేరుతోనే ఒక గ్రామీణ నివాసానికి కేంద్రమైంది. తన సభ, తన పెద్ద, తన చిన్న బడ్జెట్ దానికి ఉండేవి. 2022లో ఆ ఊరున్న కిరిల్లోవ్ జిల్లాలోని ఇలాంటి వాటన్నిటినీ రద్దు చేసి, జిల్లా మొత్తాన్నీ ఒకే పురపాలక వలయంగా మార్చారు.

దీన్ని తప్పుపట్టడం తేలిక. కానీ యువతరం పట్నాలకు పోయి, ముసలివాళ్లే మిగిలిన పల్లెకు సొంత ఆదాయం ఎక్కడిది? పైనుంచి వచ్చే డబ్బులో సగం ఆఫీసు జీతాలకే పోతే దారి మీద మంచు తీసేదెవరు? కలిపినవాళ్ల లెక్కలో న్యాయం లేకపోలేదు. ఆ లెక్కలో ఒక దూరం మాత్రం ఎక్కలేదు. వీధి దీపం వెలగడం లేదని చెప్పడానికి నిన్నటిదాకా నాలుగిళ్ల అవతల తలుపు తట్టిన ముసలమ్మ, ఇక ఇరవై కిలోమీటర్లు పోవాలి. ఆ నాలుగిళ్ల అవతలి ఆఫీసు ఆమెకు గొప్ప మేలేమీ చేసి ఉండకపోవచ్చు. కనీసం ఆమెను పేరు పెట్టి పిలిచేది. ఆ పిలుపుకు బడ్జెట్‌లో ఏ పద్దు కింద ఖర్చు రాస్తారు?

ఈ ఊరిని ప్రపంచం గుర్తుపెట్టుకున్నది మఠంలోని కుడ్యచిత్రాల వల్ల. దియొనీసి అనే చిత్రకారుడు తన కొడుకులతో కలిసి వాటిని వేశాడు. 2000లో యునెస్కో ఆ మఠాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చర్చి ఉత్తరపు ద్వారం దగ్గర ఒక చిన్న రాత ఉంది. పని ఆగస్టు 6న మొదలై, రెండో ఏడు సెప్టెంబరు 8న ముగిసిందని అది చెబుతుంది. దాన్ని చూసి ఏళ్ల తరబడి పని జరిగిందనుకున్న పండితులున్నారు. కానీ ఆనాటి రష్యాలో కొత్త సంవత్సరం సెప్టెంబరు 1న వచ్చేది. అలా చదివితే అదంతా 1502లోనే, ముప్పైనాలుగు రోజుల పని. పరంజా మీద నీలం రంగు అద్దుతుండగానే కింద ఏడాది మారిపోయింది. పంచాంగం గీత దాటడం కుంచెకు తెలిసే ఉంటుందా?

అదే రాతలో ఇద్దరు మహారాజుల పేర్లు, ఆ తర్వాత ఆర్చిబిషప్ పేరు వరుసగా వస్తాయి. బొమ్మలు వేసినవాళ్ల ప్రస్తావన ఆ తర్వాతే: దియొనీసి, అతని బిడ్డలు. పాలన రాసే పద్ధతే అంత, ఎవరి ఏలుబడిలో జరిగిందో ముందు, ఎవరి చేతుల మీదుగా జరిగిందో చివర. చివర పడ్డా ఆ చిత్రకారుడి పేరు గోడ మీద నిలిచింది. నాలుగు చిరునామాల మన ఆడపిల్లకు ఆ మాత్రం గోడ కూడా దొరకలేదు.

ఆమె చివరి చోటు ఏ పొగొస్త్‌లోనో ఉంటుంది. శిలువ మీద పేరు, రెండు తేదీలు ఉంటాయి. నాలుగు చిరునామాల్లో ఏది చెక్కాలని అక్కడ ఎవరూ అడగరు. బతికుండగా మాత్రం ప్రతి కాగితం మీదా ముందు అడిగింది అదేగా?