గుర్రానికి బదులు బొమ్మ: కామిగామో క్షేత్రంలో ప్రతినిధి ప్రశ్న

జపాన్‌లోని క్యోటో నగరానికి ఉత్తరపు అంచున ఉన్న కామిగామో ఆలయం షింతో మతానికి చెందిన అతి ప్రాచీన క్షేత్రాలలో ఒకటి; పిడుగుకు అధిదేవత అయిన వాకెఇకాజుచి సమీపంలోని కోయామా అనే కొండపై అవతరించాడని స్థలపురాణం చెబుతుంది. ఆ కొండకు ప్రతిరూపంగా ఆలయ ప్రాంగణంలో రెండు ఇసుక కుప్పలను కొనదేలిన శిఖరాల్లా నిలిపి, వాటి కొసలపై పైన్ ఆకులు గుచ్చుతారు. కొండకు బదులు ఇసుకను అంగీకరించిన ఈ క్షేత్రమే గుర్రాన్ని మాత్రం నేటికీ ప్రాణంతో నిలుపుకొన్నది. రెండవ తోరీ, అంటే రెండవ ద్వారతోరణం, దగ్గరి శాలలో సెలవు దినాలలో నిలబడే తెల్లని 'షిన్మె', అనగా దైవాశ్వం, ఆ కొండ పేరునే ధరిస్తుంది.

6వ శతాబ్దంలో కిమ్మెయ్ చక్రవర్తి కాలాన గాలివానలకు పంటలు నాశనం కాగా, అది ఈ క్షేత్రపు కామో దేవతల ఆగ్రహమని దైవజ్ఞులు తేల్చారనీ, గుర్రాలకు చిరుగంటలు కట్టి పరుగు తీయించిన తరువాత నేల పండిందనీ సంప్రదాయం. 1093లో మొదలైన గుర్రపు పందెం నేటికీ ఏటా మే 5న ఇక్కడే జరుగుతుంది. వానల కోసం, వానలు ఆగడం కోసం రాజాస్థానం గుర్రాలను సమర్పించిన ఆలయాలలో, చాలా కాలం కామిగామోకు అనుబంధంగా ఉన్న కిబునె కొండ ఆలయం ముఖ్యమైనది. వాన కావాలంటే నల్లగుర్రం, ఎండ కావాలంటే తెల్లగుర్రం: కోరిక ఏమిటో గుర్రపు రంగే చెప్పేది. సజీవాశ్వాన్ని ఇచ్చుకోలేనివారు క్రమంగా చెక్కపై గీసిన గుర్రాన్ని సమర్పించసాగారు. భక్తులు నేడు కోరికలు రాసి వేలాడదీసే 'ఎమా' పలకకు ఆ పేరు అందువల్లనే వచ్చింది, ఆ మాటకు చిత్రాశ్వమని అర్థం.

బొమ్మ గుర్రానికి సరైన బదులేనా? మన మీమాంసకులు ఈ ప్రశ్నను ప్రతినిధి న్యాయం పేరిట, అంటే విధించిన ద్రవ్యం దొరకనప్పుడు దాని స్థానంలో ఏది చెల్లుతుందన్న విచారణగా, నిశితంగా పరిశీలించారు. వ్రీహి, అంటే వరి ధాన్యం, లభించకపోతే నీవారం అనే అడవి వరిని వాడవచ్చునని, వ్రీహిలోని అవయవాలు నీవారంలోనూ ఉండడమే అందుకు కారణమని, దేవతకు గాని, అగ్నికి గాని, మంత్రానికి గాని ప్రతినిధి లేదని వారి నిర్ణయం. ఈ కొలతతో చూస్తే చెక్కపలక గుర్రానికి ప్రతినిధి కాజాలదు, ఎందుకంటే అందులో గుర్రపు ఆకారం తప్ప గుర్రపు అంశ ఏదీ లేదు. అయితే నల్లగుర్రం కూడా ద్రవ్యంగా కాక, కారుమబ్బును తలపించే రంగుతో ప్రార్థనగానే పనిచేసిందని గమనిస్తే, పలక ఆ పలుకును చెక్కుచెదరకుండా మోసిందని ఒప్పుకోక తప్పదు. పలకలోకి రాకుండా పోయింది ఆకలి. సమర్పించిన గుర్రానికి మర్నాడు గడ్డి వేయాలి, ఎల్లుండి నీళ్లు పెట్టాలి. దానం ఒక్క క్షణంలో ముగియక, ఆలయం ప్రతిదినం మోయవలసిన బాధ్యతగా కొనసాగుతుంది. ఎమాకు ఆ బరువు లేదు గనుకనే అది సామాన్యుల చేతికి అందింది. ఈ లాభం చిన్నది కాదు, కాని దానికి చెల్లించిన మూల్యమూ చిన్నది కాదు.

జనవరి 7న కామిగామోలో జరిగే శ్వేతాశ్వ క్రతువులో ఈ తేడా కంటికి కడుతుంది. హెయాన్ కాలపు రాజసభలో చక్రవర్తి ఎదుట 21 గుర్రాలను నడిపించిన ఆచారం దీనికి మూలం. ఏడాది పొడుగునా కీడు తొలగుతుందని నమ్మిన ఆ వేడుక పేరును 'తెల్లగుర్రం' అని రాసి 'నీలిగుర్రం' అని చదువుతారు. కామిగామోలో నేడు ఆ రోజున దైవాశ్వాన్ని దేవుని ముందుకు నడిపించి, సోయాచిక్కుడు గింజలు పెడతారు. అది తల వంచి వాటిని నములుతుంది.