ఋణమా? దానమా?

పదిమందికి మేలు చేయు కార్యము తలపెట్టినప్పుడు దానివలన ఒకని జీవనాధారము పోయినచో, ఆ పదిమంది వానికి ఏమైనను ఈయవలసియున్నదా? ఈయవలసినచో అది దానమా, ఋణము తీర్చుటయా? ఊరి చెరువు క్రింద ఒకని పొలము మునిగినప్పుడు పుట్టు ప్రశ్నయే ఇది. అమెరికా దేశము తన కర్మాగారముల కార్మికుల విషయమున దీనిని అరువది సంవత్సరములపాటు ఎదుర్కొనినది. అచ్చటి అనుభవము ధర్మచింతన గలవారికి విచారణీయము.

విదేశ వాణిజ్యము పెరిగినచో వస్తువుల వెల తగ్గును. కొనువారు కోట్లకొలదిగా నుందురు గాన ఒక్కొక్కరికి కలుగు లాభము స్వల్పము. నష్టము మాత్రము ఏదో ఒక ఊరిపై, అందలి ఒక మిల్లును నమ్ముకొనిన కుటుంబములపై ఒక్కసారిగా పడును. ఈ అసమానతను గుర్తించినవారిలో ఉక్కు కార్మిక సంఘాధ్యక్షుడు డేవిడ్ మెక్‌డోనాల్డ్ ఒకరు. వాణిజ్య విధానమును పరిశీలించుటకు నియమింపబడిన ర్యాండల్ కమిషన్‌లో సభ్యుడుగా, దిగుమతులవలన పని పోయినవారిని ప్రభుత్వము ఆదుకొనవలెనని 1954లో ఆయన ప్రతిపాదించిరి. ఆనాడది అంగీకరింపబడలేదు. 1962లో కెనడీ అధ్యక్షుడుగా నున్నప్పుడు వాణిజ్య విస్తరణ చట్టములో దానికి స్థానము లభించినది.

మాట యిచ్చుట ఒకటి, నెరవేర్చుట మరియొకటి. సుంకముల తగ్గింపువలననే దిగుమతులు పెరిగినవనియు, ఆ దిగుమతులే తమ పని పోవుటకు ముఖ్యకారణమనియు తేలినగాని సహాయము లభించెడిది కాదు. పూట గడవని కార్మికుడు అంతర్జాతీయ వాణిజ్య గతిని ఎట్లు నిరూపింపగలడు? 1969 నవంబరు వరకు ఒక్క కార్మికునికైనను ఆ సహాయము అందలేదు. 1974 చట్టము ఈ నిబంధనను సడలించినది. కర్మాగారమే విదేశమునకు తరలిపోయినప్పుడు వర్తించు నియమములు 1994 నాటి ఉత్తర అమెరికా వాణిజ్య ఒప్పందముతో ఆరంభమై, 2002, 2009 సంవత్సరములలో విస్తరింపబడినవి. ముగ్గురు కార్మికులు కలిసి అర్జీ పెట్టుకొనినను చాలెడిది. అది ఆమోదింపబడినచో క్రొత్త పనిలో శిక్షణ, నిరుద్యోగ భృతి ముగిసిన తరువాత కొంతకాలము జీవనభృతి, పని దొరకిన చోటికి తరలిపోవుటకు వ్యయము లభించెడివి.

నార్త్ కరోలినా రాష్ట్రమున కనాపొలిస్ అను పట్టణము కలదు. తువాళ్ళు, దుప్పట్లు నేసిన మిల్లు చుట్టును ఏర్పడిన ఊరది. 2003 జూలై నెలాఖరున పిల్లోటెక్స్ సంస్థ మూతపడగా ఆ రాష్ట్రమున సుమారు 4,800 మంది ఒక్కనాడే పని కోల్పోయిరి. వారిలో పలువురు చిన్ననాడే మిల్లులో చేరి, ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేయనివారు. వారు నడివయస్సున మరల విద్యార్థులై సమీప కళాశాలలో చేరవలసివచ్చెను. అట్లు చదివి క్రొత్త వృత్తిలో స్థిరపడినవారును కలరు, పూర్వపు వేతనము మరల ఎన్నడును చూడనివారును కలరు.

ఇచ్చట ఒక సూక్ష్మము గ్రహింపవలెను. మగ్గము నడపిన చేతికి ముప్పది సంవత్సరములలో అబ్బిన నేర్పు ఒక్క దినమున వెలలేనిదైనప్పుడు, పోయినది కూలి మాత్రమే కాదు. శరణులు కాయకమని పేర్కొనినది దీనినే: మనుష్యుడు తన శ్రమచే సంఘమున నిలబడు స్థానము. కావున కేవలము ధనమిచ్చి ఊరకుండుట చాలదు, మరల పనిలో నిలబెట్టవలెను. 2002 చట్టము ఏబది ఏండ్లు దాటినవారికొక ఏర్పాటు చేసినది. క్రొత్త పనిలో వేతనము తగ్గినచో, ఆ తగ్గిన మొత్తములో సగము, రెండేండ్లలో 10,000 డాలర్లకు మించకుండ, ప్రభుత్వము భరించెడిది. పనిని విడువక స్వీకరింపదగిన సహాయము గాన ఇది ఉచితముగా తోచును.

దీనిపై ఒక బలమైన ఆక్షేపణ కలదు. యంత్రము వచ్చి పని పోయినవానికిని, మిల్లు కాలిపోయి వీధిని పడినవానికిని లేని ప్రత్యేక సహాయము దిగుమతులవలన నష్టపడినవానికే ఏల? ఆకలికి కారణభేదము లేదు గదా! ఈ వాదమును త్రోసివేయరాదు. అయితే అగ్నిప్రమాదమును ఎవరును తీర్మానించి తెచ్చుకొనరు. వాణిజ్య ఒప్పందమును దేశము తెలిసి, లాభము నెంచి, నష్టపడువారుందురని ఎరిగియే చేసికొనును. తెలిసి చేసిన కార్యమునకు ఋణము పుట్టును. ఆపదలో నున్న ఇతరుల యెడల సంఘమునకు దయాధర్మము వేరుగా ఉండనే ఉన్నది. ఒకని ఋణము తీర్చితినని మరియొకని యెడల దయ మానుట ఎట్లు తగదో, అందరికిని సమముగా ఈయలేమని ఋణము ఎగవేయుటయు అట్లే తగదు.

2022 జూలై 1 నాటికి చట్టపు గడువు ముగిసినది. పొడిగింపు లేనందున నాటినుండి క్రొత్త అర్జీల పరిశీలన నిలిచిపోయినది. వాణిజ్యము నిలువలేదు, దాని లాభము కొనువారికి అందుచునే వచ్చినది. దాత తన దానమును ఆపుకొనవచ్చును, అందుకు ఎవరును ప్రశ్నింపజాలరు. అప్పుపడినవాడు పత్రము చినిగినదని బాకీ తీరినదనుకొనుట న్యాయము కాదు. చౌకగా కొన్న వస్త్రము ధరించు ప్రతివాడును, దానివలన మగ్గము ఆగిపోయినవాని భారములో తనకెంత పాలు కలదో విచారించుకొనవలసియున్నది.