ఒకే జట్టు అనడంలో అర్థమేమిటి?

ఒక క్రీడాసంఘం చరిత్ర రాసేవారు గెలిచిన కప్పులను, ఓడిన ఆటలను, ఆడినవారి పేర్లను వరుసగా పేర్చుకుంటూ పోతారు గాని, ఆ వరుసంతా ఒకే సంఘానికి చెందుతుందని ఏ ఆధారంతో అనుకుంటున్నారో చెప్పరు. ఆటగాళ్లు కొన్నేళ్లలోనే పూర్తిగా మారిపోతారు, శిక్షకులు మారతారు, ఒక్కొక్కప్పుడు పేరూ, ఆ పేరుకు మూలమైన రాజ్యమూ కూడా మారిపోతాయి. అయినా ‘మన జట్టు’ అనే మాట మాత్రం చెక్కుచెదరదు. మారేవన్నీ మారిపోగా మిగిలేది ఏమైనా ఉందా, లేక మిగిలిందనుకోవడం ఒట్టి అలవాటా అన్న ప్రశ్నను భారతీయ దర్శనాలు ఆత్మ విషయంలోనూ, కుండ విషయంలోనూ శతాబ్దాలపాటు వాదించుకున్నాయి. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు చరిత్ర ఆ ప్రశ్నను కుండకంటె గట్టిగా అడుగుతుంది.

నిజాం పాలన చివరి సంవత్సరాల్లో నగర పోలీసు శాఖలో రూపుదిద్దుకున్న ఈ జట్టుకు 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యతో యజమాని మారాడు; అంతవరకు నిజాం కొలువులో ఉన్న శాఖ భారత ప్రభుత్వం నియమించిన సైనిక గవర్నరు చేతికి వచ్చింది. ఆ తరువాత రెండేళ్లకే, బ్రిటిషువారు 1888లో సిమ్లాలో మొదలుపెట్టిన డ్యూరాండ్ కప్పు పోటీలు స్వాతంత్ర్యానంతరం తొలిసారి జరిగినప్పుడు, ఫైనల్లో మోహన్ బగాన్‌తో తలపడి, మొదటి ఆట తేలకపోగా తిరిగి ఆడించిన ఆటలో ఈ జట్టు గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు తెచ్చుకుంది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రమే లేకుండా పోయింది; ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాష్ట్రం పోయినా పేరు వెంటనే పోలేదు. 1957 నాటి రోవర్స్ విజేతల జాబితాలో ఇంకా హైదరాబాదు సిటీ పోలీసే కనిపిస్తుంది. 1960లో అదే కప్పు మీద ఆంధ్ర పోలీసు అని ఉంటుంది. 1961లో డ్యూరాండ్ ఫైనల్లో మళ్లీ మోహన్ బగాన్‌ను ఓడించింది ఈ కొత్త పేరు జట్టే. 1950లో గెలిచిన జట్టూ, 1961లో గెలిచిన జట్టూ ఒకటేనా? ఒకటేనని చరిత్రకారులు తేలికగా రాసేస్తారు. తార్కికులు అంత తేలికగా ఒప్పుకోరు.

వైశేషిక దర్శనం ప్రకారం భాగాలన్నిటికంటె వేరుగా ‘అవయవి’ అనే మొత్తం ఒకటి ఉంటుంది. పోగులు వేరు, పోగులలో సమవాయం అనే విడదీయరాని సంబంధంతో నిలిచే బట్ట వేరు. ఈ మాట విన్నప్పుడు జట్టు అభిమానికి ఊరట కలుగుతుంది, పదకొండుగురికి మించిన జట్టు అనేది నిజంగానే ఒకటి ఉందని శాస్త్రమే చెబుతున్నట్టు తోస్తుంది. కాని వైశేషికులు అక్కడితో ఆగలేదు. బట్టలోంచి ఒక్క పోగు లాగినా పాత బట్ట నశించి, మిగిలిన పోగులతో కొత్త బట్ట పుడుతుందని, ‘ఇది ఆ బట్టే’ అని గుర్తుపట్టడం పోలికవల్ల కలిగిన భ్రమ అని వారు ఖండితంగా చెప్పారు. ఆ లెక్కన ఒక గోల్‌కీపరు పదవీ విరమణ చేసిన రోజే పాత జట్టు అంతరించి కొత్త జట్టు పుట్టాలి. మొత్తాన్ని అంత నిజమని నిలబెట్టినవారే దాని ఆయుష్షును అంత కురచ చేయడం ఆశ్చర్యంగానే ఉంటుంది.

బౌద్ధులది మరో దారి. మిలింద రాజుతో నాగసేనుడు జరిపిన సంవాదంలో రథం అనేది చక్రాలు, ఇరుసు, నొగ మొదలైనవాటిని ఆధారం చేసుకుని వాడే వ్యవహార నామమే గాని వాటికి వెలుపల రథమనే పదార్థం లేదు. అయితే మొత్తం లేదన్నంత మాత్రాన కొనసాగింపు లేదని వారి ఉద్దేశం కాదు. ఒక క్షణం మరో క్షణానికి కారణమవుతూ సాగే ప్రవాహాన్ని వారు ‘సంతానం’ అన్నారు, ఒక క్షణంలోని గుణం తరువాతి క్షణానికి అంటుకోవడాన్ని ‘వాసన’ అన్నారు. లత్తుక రసంలో నానబెట్టిన పత్తి గింజను నాటితే కాసే పత్తిలో ఎరుపు దిగుతుందని వారు చెప్పిన దృష్టాంతాన్ని సిద్దిపేట జిల్లా పత్తి రైతు నమ్ముతాడని అనుకోలేం గాని, ఫుట్‌బాల్ విషయంలో ఆ దృష్టాంతం అక్షరాలా నిలుస్తుంది.

ఈ జట్టులో ఆ లత్తుక రసం పోసినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా పనిచేస్తూ హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయిన ఆయన నగర పోలీసు జట్టుకు శిక్షకుడిగా, తరువాత భారత జట్టుకు శిక్షకుడిగా 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించి పెట్టారు. బంతిని గాల్లోకి లేపి పరుగెత్తే పాత పద్ధతిని మాన్పించి, నేలబారుగా చిన్న చిన్న పాస్‌లతో ముందుకు పోవడం నేర్పారు. అందుకు ఆయన పెట్టిన పిల్లల పోటీలు విచిత్రంగా ఉండేవి: ఒక పోటీలో బంతిని కాలి దగ్గర ఉంచుకుని ఎవరినీ తప్పించుకుంటూ పోకూడదు, వెంటనే తోటివాడికి ఇచ్చెయ్యాలి, మరో పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్న పిల్లవాడు ఎడమకాలితో తడబడుతూ తన్నిన తన్నులు పెద్దయ్యాక ఏ వైపునుంచి వచ్చిన బంతినైనా ఆపకుండా పంపగల నేర్పుగా మారేవి. 1963 జూన్‌లో రహీం మరణించారు. ఆ ఏటి రోవర్స్ కప్పునూ ఆంధ్ర పోలీసే గెలిచింది. మనిషి పోయాక కూడా కాళ్లల్లో మిగిలిన ఈ నేర్పును వాసన అనడానికి ఏ బౌద్ధ పండితుడూ అభ్యంతరం చెప్పడు.

శంకరాచార్యులు మాత్రం చెబుతారు. క్షణికవాదాన్ని ఖండిస్తూ ఆయన తెచ్చిన ముఖ్యమైన యుక్తి స్మృతి: నిన్న చూసినవాడూ, నేడు తలచుకునేవాడూ ఒకడే కాకపోతే ‘అది నేను చూశాను’ అన్న జ్ఞానం పొసగదు. ఈ గీటురాయి మీద జట్టు నిలవదన్నది దాచవలసిన పని లేదు. జట్టుకు మనసు లేదు, జ్ఞాపకం లేదు. 1950 నాటి ఆటను జట్టు తలచుకోదు, చూసినవారు తలచుకుంటారు, వారి తరువాత వెండి కప్పు మీద చెక్కిన అక్షరాలు మిగులుతాయి. కాబట్టి మనిషి విషయంలో ఆత్మను నిలబెట్టే వాదాన్ని తెచ్చి జట్టుకు ఒక ఆత్మను అంటగట్టడం అన్యాయం. క్లబ్బుకు ‘ఆత్మ’ ఉందని పత్రికలు రాసే రాతలు ఉత్సాహమే గాని తత్త్వం కాదు.

జైనులు ఈ తగాదాలో మధ్యమార్గం చెప్పారు. బంగారు కుండను కరిగించి కిరీటం చేయిస్తే కుండ కావాలన్నవాడు ఏడుస్తాడు, కిరీటం కావాలన్నవాడు సంతోషిస్తాడు, బంగారమే కావాలన్నవాడికి రెండూ ఒకటే అని సమంతభద్రుడు చెప్పిన దృష్టాంతంలో బంగారం ద్రవ్యం, కుండా కిరీటమూ పర్యాయాలు, అంటే ఆ ద్రవ్యం తాల్చే రూపాలు. హైదరాబాదు పేరు పోయి ఆంధ్ర పేరు వచ్చినప్పుడు నగరాభిమానికి కష్టం కలిగి ఉండవచ్చు, కొత్త రాష్ట్రాభిమానికి సంబరం కలిగి ఉండవచ్చు, ఆట కోసం వచ్చినవాడు స్కోరు మాత్రమే అడిగి ఉంటాడు. కాని ఈ ఉపమానం ఒక చిక్కును దాటవేస్తుంది: కుండకు బంగారం ఉన్నట్టు జట్టుకు ద్రవ్యం ఏది?

జగదేవ్‌పూర్ వంటి ఊరిని చూస్తే ఆ చిక్కు కొంత విడుతుంది. ఒకప్పటి హైదరాబాదు రాష్ట్రంలో మెదక్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి, 2014 జూన్ 2న తెలంగాణలోకి, 2016 అక్టోబరులో కొత్తగా ఏర్పడిన సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. ఇన్నిసార్లు మారినా ఊరు అంగుళం కదలలేదు. ఊరికి నేల ఉంది కాబట్టి దాని ఏకత్వం ఎవరికీ సందేహం కాదు. అదే మండలంలో తీగుల్ నర్సాపూర్ దగ్గరి కొండపోచమ్మను కొలిచేవారికి తాతల నాటి పోచమ్మ వేరు, తమ పోచమ్మ వేరు అన్న ఊహే రాదు. బోనం కుండ ఏటా కొత్తదే అయినా మొక్కు పాతదే. ఈ వైపువారు తరచు వెళ్లే యాదగిరిగుట్టలో ఆలయ పునర్నిర్మాణం జరిగినంత కాలం, అంటే 2016 నుంచి 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ జరిగేదాకా, భక్తులకు దర్శనమూ ఆర్జిత సేవలూ బాలాలయంలో, అనగా తాత్కాలికంగా కట్టిన చిన్న ఆలయంలో జరిగాయి. గోపురాలు కొత్తవి, ప్రాకారాలు కొత్తవి. అయినా అది కొత్త గుడి కాదు, ఎందుకంటే కైంకర్యం తెగలేదు. ఆగమ సంప్రదాయం ఇక్కడ తార్కికులకంటె ముందుచూపుతో ఉంది: రాయి మారుతుందని తెలిసే, మారుతున్నంత సేపూ సేవ ఆగకుండా ఏర్పాటు చేసింది.

జట్టుకు నేల లేదు, దైవసన్నిధీ లేదు. ఉన్నది తలకెత్తుకున్న బాధ్యత ఒక్కటే. ఫిన్లండ్‌లో ఐస్ హాకీ క్లబ్బుల చరిత్ర ఈ సంగతిని మరో కోణంలో చూపుతుంది. తంపెరే నగరంలో 1932లో స్వీడిష్ భాషవారి సంఘంగా పుట్టిన టీబీకే 1955లో తప్పరా అనే ఫిన్నిష్ పేరు పెట్టుకుంది. హెల్సింకీలో 1967లో ఏర్పడిన యోకెరిత్ మరో సంఘపు హాకీ విభాగం స్థానంలో వచ్చింది. తప్పరా తన వయసును 1932 నుంచి లెక్కిస్తుంది, యోకెరిత్ 1967 నుంచి. పాతదాన్ని తమదిగా ఒప్పుకోవడమా మానడమా అన్నది ఆయా సంఘాల నిర్ణయంగానే కనిపిస్తుంది. ఒప్పుకోలు మాత్రమే చాలునా? కీర్తిని ఒప్పుకోవడానికి ఎవరైనా ముందుకు వస్తారు.

చాలదనడానికి నాగసేనుడే దారి చూపాడు. మామిడిపళ్లు దొంగిలించి పట్టుబడినవాడు ‘ఈయన నాటిన టెంక వేరు, నేను కోసిన పండు వేరు’ అని వాదిస్తే వదిలిపెడతారా అని అతడు అడిగితే, వదలనని, ఆ టెంక లేకపోతే ఈ పండు లేదని రాజు ఒప్పుకున్నాడు. ఏకత్వాన్ని పదార్థంలో గాక బాధ్యతలో వెతకడం ఇది. వింతేమంటే ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 2019 నాటి క్రమశిక్షణ నియమావళిలో సరిగ్గా ఈ పద్ధతే పట్టింది. బాకీ పడిన క్లబ్బు పేరు మార్చుకుని వచ్చినంత మాత్రాన బాకీ తీరదని, దాని ‘క్రీడా వారసుడు’ కూడా బాధ్యుడేనని చెప్పి, వారసుడిని పోల్చుకోవడానికి కార్యాలయం, పేరు, చట్టరూపం, రంగులు, ఆటగాళ్లు, వాటాదారులు, ఆడే పోటీ స్థాయి వంటి గుర్తులను పేర్కొంది. ఆ జాబితాలో ఏ ఒక్కటీ క్లబ్బు కాదు. అన్నీ కలిసినా క్లబ్బు కాదు. అయినా బాకీ ఎవరిదో తేల్చడానికి చాలు. రథం భాగాలను ఒక్కొక్కటిగా ఎత్తి చూపిన సంవాదానికి ఇంతకంటె దగ్గరి ఆధునిక శాసనం దొరకడం కష్టం.

ఈ దృష్టితో చూస్తే హైదరాబాదులో ఇటీవలి ఉదాహరణ మరింత చిక్కుగా ఉంటుంది. పుణె క్లబ్బు స్థానంలో 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. క్రీడా వారసత్వపు లెక్కలో ఆ కప్పూ, బాకీలేవైనా ఉంటే అవీ ఢిల్లీకే పోతాయి. హైదరాబాదులో మిగిలింది చూసినవారి జ్ఞాపకం. సిటీ పోలీసు జట్టు సంగతి దీనికి తలకిందులు: ఆ రోవర్స్ కప్పులను తమవని చెప్పుకోవడానికి తెలంగాణ పోలీసు శాఖకు హక్కు ఉందనే చెప్పాలి, శాఖ తెగలేదు కాబట్టి. అయితే ఆ హక్కు వెంట రహీం పిల్లల చేత వాటం లేని కాలితో తన్నించిన పని కూడా వస్తుంది. కప్పులను తీసుకుని ఆ పనిని వద్దంటే మామిడి దొంగ వాదమే అవుతుంది.