తాళములు ఇచ్చిన తరువాత

చదువవలసిన భాగము: నిర్గమకాండము 21:28-32

ఇల్లు అమ్మి, రిజిస్ట్రేషను ముగించి, తాళములు ఇచ్చివేసిన తరువాత ఆ ఇంటిలో ఒక వస్తువు చెడిపోయినయెడల అమ్మినవాడు దానికి బాధ్యుడా?

మేము మా పాత ఇంటికి మరమ్మతులు చేయించి, రంగులు వేయించి అమ్మితిమి. స్నానపు గదిలోని గీజరు మాత్రము పాతదే; తుడిపించి మరల బిగింపించితిమి. బిగించిన ఎలక్ట్రీషియను, "అయ్యగారూ, దీని థర్మోస్టాటు ఒక్కోసారి పనిచెయ్యడం లేదండీ, మార్పించండి" అని చెప్పెను. సరే అంటిని గాని మార్పించలేదు. నెల తిరుగకముందే కొనినవారు ఫోను చేసి, "గీజరు ఆగడం లేదండీ, నీళ్లు సలసలా కాగిపోతున్నాయి" అనిరి. నా నోట వెంటనే వచ్చిన మాట, "మీరు అన్నీ చూసుకునే కొన్నారు కదండీ!"

ఆ మాట అబద్ధము కాదు. అయినను ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. థర్మోస్టాటు అనునది నీరు తగినంత కాగగానే కరెంటును ఆపు సాధనము. అదియు, ఒత్తిడిని విడుచు వాల్వును, తక్కిన రక్షణలును విఫలమైనచో తొట్టి పగులవచ్చును. ఆ ఇంటిలో చిన్నపిల్లలున్నారు.

మోషే ధర్మశాస్త్రములో పొడిచెడి ఎద్దును గూర్చిన విధి యున్నది. ఎద్దు మనుష్యుని పొడిచి చంపినయెడల యజమానుడు నిర్దోషి. అయితే అది పొడుచునదని అతనికి ముందుగా చెప్పబడియు అతడు దానిని కట్టివేయనియెడల అతడు దోషి. ఎద్దు అదే, చావు అదే. భేదమంతయు యజమానుని చెవిన పడిన మాటలో నున్నది.

మన దేశపు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 55వ సెక్షను కూడ, వేరు ఒప్పందము లేనియెడల, అమ్మువానికి తెలిసి, కొనువాడు సాధారణమైన జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపమును అమ్మువాడు చెప్పవలెనని విధించుచున్నది. గీజరు అందులో చేరునా లేదా అని ప్లీడర్లు వాదించుకొనవచ్చును. మనస్సాక్షి యెదుట ఆ వాదము చెల్లదు. ఇంటి హక్కు దస్తావేజుతో వారికి పోయెను. నాకు తెలిసిన సంగతి నాయొద్దనే మిగిలెను.

నిజముగా తెలియనియెడల? అప్పుడు అప్పు లేదు. ఏ యంత్రమైనను ఒకనాడు చెడును; దానికి అమ్మినవాడు జీవితకాలము పూచీ పడనక్కరలేదు. బిల్లులును గ్యారంటీ కాగితములును అప్పగించి, పనివాని ఫోను నంబరు ఇచ్చిన చాలును. కాని తెలిసికొనవలసి వచ్చునేమో యని అడుగక ఊరకుండుట తెలియకపోవుట కాదు.

రాత్రియే ఫోను చేసి గీజరు స్విచ్చి ఆపించితిని. మరునాడు క్రొత్తది బిగింపించితిని. ఇంటాయన కాఫీ ఇచ్చి, "మీకిది ముందే తెలుసాండీ?" అని మెల్లగా అడిగెను.

డబ్బు ఇచ్చుట సుళువే. "తెలుసండీ" అను ఒక్క మాటకు అంతకంటె ఎక్కువ ఖర్చైనది. తాళములు ఇచ్చుటకు ముందే చెప్పియున్నచో అది ఎంతో చవుకగా పోయెడిది.